టెక్స్‌టైల్ డిజైన్ చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజుల్లో టెక్స్‌టైల్ డిజైన్ గురించి విద్యార్థులు, తల్లిదండ్రులు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. కోర్సులో చేరినవారి సందేహాలూ అంతే. వాటిని చదువులోని దశల ప్రకారం ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకోవచ్చు. పరీక్ష తేదీలు, ఫీజులు, సీట్ల సంఖ్య మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేముందు ఆ ఏటి ప్రకటనను తప్పక చూడాలి.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి

టెక్స్‌టైల్ డిజైన్ అంటే ఫ్యాషన్ డిజైనే కదా?

కాదు. ఫ్యాషన్ డిజైన్‌లో ప్రధానంగా దుస్తుల ఆకృతిని నేర్పుతారు. టెక్స్‌టైల్ డిజైన్‌లో ఆ దుస్తులకు మూలమైన బట్టను నేర్పుతారు. ఏ నూలు వాడాలి, అది ఎంత సన్నగా ఉండాలి, పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డపోగులు) ఏ వరసలో అల్లుకోవాలి, రంగు నూలుకే అద్దాలా నేసిన బట్టకు అద్దాలా అన్నవి ఇక్కడి ప్రశ్నలు. గద్వాల చీరనే తీసుకుంటే దాని ఒడలు నూలుతోనూ, అంచూ కొంగూ పట్టుతోనూ ఉంటాయి; ఆ రెండింటి కలయిక దర్జీ చేతిలో కాక మగ్గం మీదే జరుగుతుంది. చీర అందమంతా నేత పూర్తయ్యేసరికే తేలిపోతుంది కనుక, చీరను రూపొందించేవారు టెక్స్‌టైల్ డిజైనర్లే అని చెప్పవచ్చు. పరదాలు, దుప్పట్లు, తివాచీలు, వాహనాల సీట్ల బట్టలు కూడా ఈ చదువు పరిధిలోకే వస్తాయి.

బీటెక్ టెక్స్‌టైల్ టెక్నాలజీకి, దీనికి తేడా ఏమిటి?

టెక్స్‌టైల్ టెక్నాలజీ ఇంజనీరింగ్ శాఖ. పీచు గుణాలు, నూలు వడికే యంత్రాలు, అద్దకపు రసాయన శాస్త్రం, నాణ్యత పరీక్షలు అందులో ముఖ్యం. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు టెక్నాలజీ కళాశాలలో ఈ బీటెక్ ఉంది. దానికి ఎంపీసీ చదివి ఈఏపీసెట్ (మునుపటి ఎంసెట్) ప్రవేశ పరీక్ష రాయాలి. డిజైన్ చదువులో బట్ట ఎలా కనిపించాలి, చేతికి ఎలా తగలాలి, ఎవరికి ఉపయోగపడాలి అన్న నిర్ణయాలు ముందుంటాయి. లెక్కల మీద, యంత్రాల మీద ఆసక్తి బలంగా ఉన్నవారు బీటెక్ వైపు వెళ్లడమే మేలు.

నేను బైపీసీ చదివాను, మా చెల్లి సీఈసీ. మేము అర్హులమేనా?

అర్హులే. నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ), నిడ్ (జాతీయ డిజైన్ సంస్థ) నడిపే బీడిజైన్ అనే డిగ్రీ కోర్సులకు ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు వారైనా దరఖాస్తు చేయవచ్చు. వయసు నిబంధన మాత్రం ముందే చూసుకోవాలి. నిఫ్ట్‌లో జనరల్ అభ్యర్థులకు 24 ఏళ్ల లోపు ఉండాలి, నిడ్‌లో పరిమితి ఇంకా తక్కువ. రెండు మూడేళ్లు ఇంకేదో ప్రయత్నించి ఇటు వద్దామనుకునేవారికి ఈ తేడా చాలా ముఖ్యం.

నాకు బొమ్మలు అంత బాగా వేయడం రాదు. మానుకోవాలా?

మానుకోనవసరం లేదు. మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు దించగల నేర్పు ఈ చదువుకు షరతు కాదు. రంగుల మధ్య సన్నని తేడాను పట్టుకునే కన్ను, ఒక పనిని విసుగులేకుండా పదేపదే చేయగల ఓర్పు అంతకంటే ముఖ్యం. మీకు అవి ఉన్నాయో లేవో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక పాత కండువానో తువ్వాలునో తీసుకుని, భూతద్దం కింద అంగుళం మేర గుర్తు పెట్టి, నిలువు పోగులు ఎన్నో అడ్డపోగులు ఎన్నో లెక్కపెట్టండి. ఏ పోగు పైకి తేలిందో ఏది కిందికి పోయిందో గమనించి గళ్ల కాగితం మీద నలుపు తెలుపు గళ్లుగా నింపండి. ఆ పని చేస్తుండగా కాలం తెలియకపోతే మీకు ఈ చదువు నప్పుతుంది. గీత అభ్యాసంతో వస్తుంది.

అబ్బాయిలు చదివే కోర్సేనా?

నిస్సందేహంగా. కోర్సు ఏ ఒక్కరికో ఉద్దేశించినది కాదు. మన ఊళ్లలో మగ్గం పని ఇంటిల్లిపాదీ పంచుకునే పని.

మాది మగ్గం ఇల్లు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనినే మళ్లీ కాలేజీలో చదవడం దేనికి?

ఈ ప్రశ్న పుట్టపాక, చీరాల, వెంకటగిరి వంటి చోట్ల నుంచి ఎక్కువగా వస్తుంది, దీనికి ఓపికగా జవాబు చెప్పవలసిన అవసరం ఉంది. మీ ఇంట్లో ఉన్న జ్ఞానాన్ని ఏ విశ్వవిద్యాలయమూ అంత లోతుగా నేర్పలేదు. మీరు తరగతిలో అడుగుపెట్టే నాటికే తోటివారి కంటే ఎంతో ముందు ఉంటారు. అయితే మీ ఊరి నేతకు ఆవల ఉన్న నేతలు, ఇతర పీచులు, ధర కట్టే పద్ధతి, కొనేవారితో నేరుగా మాట్లాడే నేర్పు, మీ డిజైన్‌కు చట్టపరమైన రక్షణ తెచ్చుకునే మార్గం ఇంట్లో దొరకకపోవచ్చు. చాలా చోట్ల డిజైన్ ఎంపిక మాస్టర్ వీవర్ల (నూలు ఇచ్చి కూలికి నేయించేవారి) చేతిలోనో పట్నం దుకాణదారుల చేతిలోనో ఉండిపోయి, నేసేవారికి కూలి మాత్రమే మిగులుతోంది. ఆ ఎంపిక మీ చేతికి రావడానికి ఈ చదువు ఒక దారి.

మీకు రెండు మార్గాలున్నాయి. మొదటిది మూడేళ్ల చేనేత, వస్త్ర సాంకేతిక డిప్లొమా. వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థలో అది ఉంది; తెలంగాణలో 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట హైదరాబాద్‌లో ఇలాంటి సంస్థే మొదలైంది. రెండవది డిజైన్ డిగ్రీ. నిఫ్ట్‌లో చేతివృత్తుల వారికి, వారి పిల్లలకు ప్రత్యేక ప్రవేశ విధానం ఉంది. దానికి ప్రభుత్వం ఇచ్చే చేనేత లేదా హస్తకళల గుర్తింపు కార్డు కావాలి కాబట్టి, ఇంట్లో అమ్మకో నాన్నకో ఆ కార్డు లేకపోతే ఇంటర్ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టించండి.

## ప్రవేశ పరీక్షలు, ఖర్చు

మన రాష్ట్రాల్లో ఎక్కడ చదవవచ్చు? బయట ఎక్కడ మంచిది?

హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్ 1995లో మొదలైంది. అక్కడ నాలుగేళ్ల బీడిజైన్‌లో టెక్స్‌టైల్ డిజైన్, నిట్‌వేర్ (అల్లిక దుస్తుల) డిజైన్ రెండూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ప్రారంభమైన నిడ్‌లో టెక్స్‌టైల్, అపారెల్ డిజైన్ కలిపి ఒక శాఖగా ఉంది. దానికి 2019 నాటి సవరణ చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. బయట చూస్తే, 1961లో ఏర్పడిన అహ్మదాబాద్ నిడ్‌కు ఈ రంగంలో సుదీర్ఘమైన అనుభవం ఉంది. ప్రైవేటు సంస్థలు చాలా ఉన్నాయి. వాటిలో చేరేముందు ఒక్కటి చూడండి: మగ్గాలు, అద్దకపు గది, ప్రింటింగ్ బల్లలు ఎన్ని ఉన్నాయి, వాటి మీద ఆ రోజు ఎవరైనా పని చేస్తున్నారా? మగ్గానికి దుమ్ము పట్టి ఉంటే ఆ సంస్థలో చదువు కంప్యూటర్ తెర దాటదని అర్థం.

నిఫ్ట్, నిడ్ పరీక్షల్లో ఏమి అడుగుతారు?

నిఫ్ట్ బీడిజైన్‌కు సృజనాత్మక సామర్థ్య పరీక్ష, సాధారణ సామర్థ్య పరీక్ష ముందు ఉంటాయి. వాటిలో ఎంపికైనవారికి సిట్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. ఈ చివరి పరీక్షలో అక్కడే ఇచ్చిన సామగ్రితో, ఇచ్చిన అంశానికి తగిన ఒక నమూనాను చేతులతో తయారు చేయాలి. నిడ్‌లో డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశల్లో జరుగుతుంది. రెండింటిలోనూ పరీక్షించేది ఆలోచనా విధానాన్నే. సంతలో గొడుగు కింద కూర్చున్న పండ్ల వ్యాపారికి ఎండ, వాన, నిల్వ, చిల్లర ఎలా ఇబ్బంది పెడతాయో గమనించి రాయగలిగినవారు ఇలాంటి ప్రశ్నలకు తడుముకోరు.

నేను పూర్తిగా తెలుగు మాధ్యమం. నెగ్గుకు రాగలనా?

ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఉంటాయి, తరగతులు ఇంగ్లీషులో నడుస్తాయి. మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుందన్నది నిజమే. కానీ ఇది చేతులతో చేసి చూపించే చదువు. బల్ల మీద పెట్టిన నమూనా సగం మాట తనే చెబుతుంది. మిగతా సగం కోసం రోజూ మీరు చేసిన పని గురించి అయిదారు ఇంగ్లీషు వాక్యాలు రాసుకోండి. నూలు, రంగు, నేత గురించి తెలుగులో మీకు తెలిసిన మాటలను మాత్రం వదులుకోవద్దు. నేతకారులతో కలిసి పనిచేసే రోజు వచ్చినప్పుడు ఆ మాటలు రాని సహ విద్యార్థులు మీ సాయం కోసం వస్తారు.

కోచింగ్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. పాత ప్రశ్నపత్రాలు, రోజూ ఒక గంట గీత, వారానికి ఒక నమూనా తయారీతో ఇంట్లోనే సిద్ధం కావచ్చు. ఒంటరిగా చదవడం అలవాటు లేనివారికి తోటివారి సాంగత్యం కోసం శిక్షణ ఉపయోగపడుతుంది. అందరి చేతా ఒకే తరహా బొమ్మను కంఠతా పట్టించే కేంద్రాలకు దూరంగా ఉండడం మంచిది.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

నిఫ్ట్‌లో నాలుగేళ్ల ఫీజు పది లక్షల రూపాయలు దాటుతుంది. హాస్టల్, కంప్యూటర్, రంగులు, నూలు, ప్రింటింగ్, క్షేత్ర పర్యటనలు దానికి అదనం. సామగ్రి ఖర్చును చాలా కుటుంబాలు లెక్కలో వేసుకోవు, చివరి ఏడాది ప్రాజెక్టులో అదే భారమవుతుంది. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి నిఫ్ట్ ఇచ్చే ఆర్థిక సహాయం గురించి చేరిన వారంలోనే కార్యాలయంలో అడగండి. ఇంత ఖర్చు వీలుకాని ఇంట్లో అప్పు చేసి చేరడం కంటే, చేనేత సాంకేతిక డిప్లొమా చేసి పనిలో చేరి తర్వాత డిగ్రీకి వెళ్లడం తెలివైన పని అని నా అభిప్రాయం.

## చదువు సాగుతున్నప్పుడు

మొదటి ఏడాదంతా బట్ట ఊసే ఉండదట, నిజమేనా?

చాలావరకు నిజం. నిఫ్ట్, నిడ్ రెండింటిలోనూ మొదటి ఏడాది అన్ని శాఖల వారికీ పునాది ఏడాది. గీత, రంగు, రూపం, సామగ్రి గుణాలు అందులో నేర్పుతారు. నేత, అద్దకం, ప్రింటింగ్ రెండవ ఏడాది నుంచి వస్తాయి.

ఇందులో లెక్కలు ఉంటాయా?

ఉంటాయి, అయితే అవి కూడికలు, గుణకారాలు, భాగహారాలు. నూలు నంబరు ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. నూలు వస్త్రాల లెక్కలో 840 గజాల పొడవును ఒక చిలపగా తీసుకుంటారు. ఒక పౌను (పౌండు) బరువులో అలాంటి చిలపలు ఎన్ని ఉంటే అది ఆ నూలు నంబరు. 80వ నంబరు నూలు అంటే ఒక పౌనులో 67,200 గజాల పోగు ఉంటుందన్నమాట. అందుకే నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. పట్టుకు, కృత్రిమ పోగులకు డెనియర్ వాడతారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు కాబట్టి, అక్కడ అంకె పెరిగితే పోగు లావవుతుంది. ఈ తిరగమరగ దగ్గర తికమక పడని విద్యార్థి ఉండరు. పరీక్ష కోసం సూత్రం బట్టీ పట్టకుండా, 40వ నంబరు పోగును 100వ నంబరు పోగును రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి గుర్తుంచుకోండి.

నా ప్రింట్ డిజైన్ కాగితం మీద బాగుంది, బట్ట మీద గీతలు గీతలుగా కనిపిస్తోంది. ఎందుకు?

ఒక్క గడిని (డిజైన్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ఒక భాగాన్ని) మాత్రమే చూసి డిజైన్ చేసినందువల్ల. బట్ట మీద అదే గడి పక్కకూ కిందికీ పదే పదే వస్తుంది, పువ్వుల మధ్య వదిలిన ఖాళీలు ఒక వరసలో పడితే దూరానికి చారల్లా కనిపిస్తాయి. పక్క వరసను సగం కిందికి జరిపి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. గడిని కనీసం తొమ్మిదిసార్లు పేర్చి, అచ్చు తీసి, గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చూడకుండా ఏ డిజైన్‌నూ ఖాయం చేయవద్దు. మిల్లుల్లో రోటరీ ప్రింటింగ్‌కు (తిరిగే గొట్టపు స్క్రీన్‌తో అచ్చు వేసే పద్ధతికి) సాధారణంగా వాడే స్క్రీన్ చుట్టుకొలత 64 సెంటీమీటర్లు. కాబట్టి గడి పొడవు 64కు సమానంగానో, దాన్ని శేషం లేకుండా భాగించేదిగానో ఉండాలి.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? కొనే స్తోమత లేదు.

ప్రింట్‌కు ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్ సంస్థలోనే అందుబాటులో ఉంటాయి. నేతకు డిజిబునాయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డాబీ, జాకార్డ్ (మగ్గం మీద పడుగు పోగులను ఎత్తి డిజైన్ నేయించే అమరికలు) డిజైన్ల కోసం భారత ప్రభుత్వ సంస్థ తయారు చేయించినది. ఏది వాడినా, కనీసం ఒక డిజైన్‌ను గళ్ల కాగితం మీద చేత్తో నింపిన తర్వాతే తెర మీదికి వెళ్లండి. జాకార్డ్‌లో సాధారణంగా ఒక్కో పేక పోగుకు రంధ్రాలు కొట్టిన ఒక్కో అట్ట ఉంటుందన్న విషయం చేత్తో నింపినవారికే ఒంటబడుతుంది.

అసలు ఇక్కత్‌ను, ఇక్కత్ ప్రింట్‌ను ఎలా గుర్తుపట్టాలి?

బట్టను తిరగేయండి. ఇక్కత్‌లో, అంటే మన ఊళ్లలో చిటికి అని పిలిచే నేతలో, నూలుకు ముందే రంగులు వేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. ప్రింట్‌లో వెనుక వైపు వెలసినట్టు ఉంటుంది. తర్వాత అంచు దగ్గర ఒక పోగు లాగి చూడండి. ఒకే పోగు మీద రంగులు విడివిడిగా, పొడవాటి మచ్చలుగా మారుతుంటే అది చిటికి.

ఆ మచ్చల వెనుక పని ఎంతో ఒకసారి దగ్గరగా చూడాలి. పోచంపల్లిలో పేక నూలును ఆసు (పోగులను వరసగా చుట్టే మేకుల చట్రం) మీద, ఒక చివరి మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ, అటూ ఇటూ చేయి తిప్పుతూ పోస్తారు. ఒక్క చీరకు చేయి వేలసార్లు కదలాలి. ఈ పని తరతరాలుగా ఎక్కువగా ఆడవాళ్ల భుజాల మీదే పడింది. తన తల్లి భుజం నొప్పి చూసి చింతకింది మల్లేశం లక్ష్మి ఆసు యంత్రాన్ని తయారు చేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసిన నూలు మీద గుర్తులు గీసి, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు ముక్కలతో గట్టిగా చుట్టి రంగులో ముంచుతారు. ఎన్ని రంగులో అన్నిసార్లు కట్టడం, విప్పడం. పుట్టపాక తేలియా రుమాలులో పడుగుకూ పేకకూ ఇలాగే రంగులు వేసి, నేసేటప్పుడు రెండింటి మచ్చలూ ఒకదానిమీదొకటి సరిగ్గా పడేలా పోగుపోగునూ సవరిస్తారు.

సహజ రంగులన్నీ పర్యావరణానికి మంచివేనా?

అన్నీ కావు. చాలా సహజ రంగులు బట్టను పట్టుకోవడానికి ఒక లవణం కావాలి, ఆ లవణం ఏదన్నదే కీలకం. పటిక పెద్దగా హాని చేయదు, క్రోమియం లవణాలు విషతుల్యం. శ్రీకాళహస్తి కలంకారీని చూస్తే పద్ధతి అర్థమవుతుంది. బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటే, పాలలోని కొవ్వు కలంలోని ద్రవం చెదరకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన కసింతో గీత గీస్తే అది కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. నీలిమందు తీరు పూర్తిగా వేరు, దానికి లవణం అక్కర్లేదు. తొట్టి నుంచి తీసిన నూలు మొదట పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ కళ్లముందే ఆకుపచ్చకూ ఆపైన నీలానికీ మారుతుంది. ఏ పద్ధతిలోనైనా ఉతుకుకు నీళ్లు విపరీతంగా కావాలి కనుక, మీ ప్రాజెక్టు నివేదికలో నీటి లెక్క రాయకుండా పర్యావరణ హితం అని రాయవద్దు.

## చేనేత గ్రామాల్లో పని

క్షేత్ర అధ్యయనానికి వెళ్తే ఏమి చూడాలి, ఎలా మసలుకోవాలి?

మొదటి రెండు రోజులు కెమెరా తీయకండి. మగ్గం పక్కన కూర్చుని చూడండి; పని ఆగినప్పుడే ప్రశ్న వేయండి, ఎందుకంటే మీతో మాట్లాడిన ప్రతి గంటా వారి కూలిలో కోతే. నేసేవారినే కాక కండెలు చుట్టేవారిని, ఆసు పోసేవారిని, అచ్చు అతికేవారిని (పాత పడుగు పోగులకు కొత్తవి కలిపేవారిని) కూడా కలవండి. పొందూరుకు వెళ్తే వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేసే ఆడవాళ్ల దగ్గర కూర్చోకుండా వెనుదిరగవద్దు. ఆ ఖద్దరు నాణ్యత అక్కడే మొదలవుతుంది. పెద్దవారిని గారు అని పిలవండి, ఫొటో తీసేముందు అనుమతి అడగండి, నివేదికలో నేసినవారి పేరు వారి ఇష్టప్రకారం రాయండి. నమూనా నేయించుకుంటే కూలి ముందుగానే మాట్లాడుకుని పూర్తిగా ఇవ్వండి. విద్యార్థులమని తగ్గించమనడం న్యాయం కాదు.

నా కొత్త డిజైన్ నేయడానికి నేతకారు ఒప్పుకోవడం లేదు. సంప్రదాయం మీద మొండిపట్టు అనుకోవాలా?

అలా అనుకోవద్దు, కారణం దాదాపు ఎప్పుడూ మగ్గంలోనే ఉంటుంది. అంగుళానికి 80 పోగుల చొప్పున 48 అంగుళాల పన్నాకు 3,840 పడుగు పోగులు. పడుగు మార్చాలంటే పాత పోగుల చివరలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా చేత్తో అతకాలి. మీరు అడిగే అంచు వెడల్పు వేరైతే పడుగు పోగులు దూరే మగ్గం భాగాలైన పన్నె, అచ్చు, వాటితో పాటు జాకార్డ్ అమరిక కూడా మారాలి. మీకు కావలసినది రెండు మీటర్ల నమూనా, వారికి పోయేది కొన్ని రోజుల పని. ఇప్పటికే మగ్గం మీదున్న పడుగును అలాగే ఉంచి, పేక రంగునూ బుటా అమరికనూ మాత్రమే మార్చి కొత్తదనం తేగలరేమో ముందు ప్రయత్నించండి. సిద్దిపేట గొల్లభామ చీరలో తలపై కుండతో నిలిచిన ఆ చిన్న బొమ్మ ఎడం మారితేనే చీర మొత్తం తీరు మారిపోతుంది. ఇలాంటి పరిమితిలో చేసిన పనే పరిణతి చెందిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

## చివరి ఏడాది, ఆ తర్వాత

పోర్ట్‌ఫోలియోలో ఏమేమి ఉండాలి?

తక్కువ ప్రాజెక్టులు, ఎక్కువ వివరం. ప్రతిదానికీ అసలు బట్ట ముక్క జత చేసి, దాని పక్కన నూలు నంబరు, అంగుళానికి పడుగు పేకల సంఖ్య, నేత పటం, గడి కొలత, మీటరుకు అయిన ఖర్చు రాయండి. విఫలమైన నమూనాలను కూడా ఒక పుటలో కారణాలతో చూపండి. ఉద్యోగం ఇచ్చేవారు అందమైన తుది ఫొటో కంటే ఆ పుట దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయి?

గృహ వస్త్రాలకు పానిపట్, కరూర్, కన్నూర్. అల్లిక దుస్తులకు తిరుప్పూర్. కృత్రిమ వస్త్రాలకు సూరత్. ఎగుమతి కొనుగోలు సంస్థలకు గురుగ్రామ్, నోయిడా, బెంగళూరు ప్రధాన కేంద్రాలు. తెలంగాణలో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, సిరిసిల్ల మరమగ్గాలు ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడల్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్లలో (నేతకారులకు సాయపడే ప్రభుత్వ కేంద్రాల్లో) డిజైన్ పని ఎలా సాగుతుందో విద్యార్థిగా ఉన్నప్పుడే చూసి రావాలి. మొదటి రెండేళ్ల జీతం ఫీజుతో పోలిస్తే తక్కువగా అనిపిస్తుంది. ఆ రెండేళ్లలో మిల్లులో నిలబడి నేర్చుకున్నవారికి తర్వాత ఎదుగుదల త్వరగా ఉంటుంది.

విదేశాల్లో పీజీ చేయవచ్చా?

చేయవచ్చు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, అమెరికాలోని రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్, స్వీడన్ బోరాస్‌లోని వస్త్ర విద్యాలయం పేరున్నవి. ప్రవేశంలో పోర్ట్‌ఫోలియోకే పెద్దపీట. డిగ్రీ అయిన వెంటనే కంటే రెండు మూడేళ్ల పని తర్వాత వెళ్తే, ఏ ప్రశ్నకు జవాబు వెతకడానికి వెళ్తున్నారో మీకే స్పష్టంగా తెలుస్తుంది.

సొంతంగా బట్టలు చేయించి అమ్మాలనుకుంటున్నాను. నా డిజైన్‌ను కాపీ కొట్టకుండా ఆపగలనా?

కొంతవరకు ఆపగలరు, ముందుగా మేల్కొంటే. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. అయితే డిజైన్ అప్పటివరకు ఎక్కడా బయటపడి ఉండకూడదు. ప్రదర్శనలోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టేశాక నమోదుకు వెళ్తే చిక్కే. నమోదు చేయదగిన డిజైన్‌ను చేయకుండా వదిలి, పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి ప్రతులు తీస్తే, దానిపై కాపీరైట్ కూడా పోతుంది. ఈ సంగతి తెలియక నష్టపోయే యువ డిజైనర్లు ఎందరో.

మీ హక్కుతో పాటు ఇతరుల హక్కు కూడా చూడాలి. పోచంపల్లి ఇక్కత్, ఉప్పాడ జమ్దానీ, మంగళగిరి, నారాయణపేట వంటి పేర్లకు భౌగోళిక గుర్తింపు ఉంది కనుక, మరోచోట మిల్లులో అచ్చు వేసిన బట్టకు ఆ పేర్లు పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం 11 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది. మరమగ్గానికి ఆర్డరు ఇచ్చేముందు ఆ జాబితాను చదివి, మీ వస్త్రం అందులో ఉంటే ఆర్డరును చేనేత సహకార సంఘానికి ఇవ్వండి.